గోధుమ పండని ఊళ్లో పిండి మిల్లు

తెలుగు నేల మీద మిల్లంటే ముందు గుర్తొచ్చేది వడ్ల మిల్లు. తణుకులోనైనా, మిర్యాలగూడలోనైనా సీజనులో మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఆ ధాన్యం ఏ ఊరి పొలాల్లోదో గుమాస్తాను అడిగితే చెయ్యి చాచి చూపిస్తాడు. గోధుమ పిండి మిల్లుకు అలా పొలం పక్కన ఉండాల్సిన అవసరం లేదు. కోల్‌కతా చుట్టూ, హుగ్లీ నదికి అవతల హౌరాలో, డంకుణి వైపు తిరిగే రోలర్ మిల్లుల్లోకి వెళ్లే గోధుమల్లో బెంగాల్ నేలలో పండినవి బహు స్వల్పం. తక్కినవన్నీ ఉత్తరప్రదేశ్, బిహార్, మధ్యప్రదేశ్, పంజాబ్, హర్యానాల నుంచి రైలో లారీయో ఎక్కి వచ్చినవే.

వ్యాపారం పెడదామని చూస్తున్న కుర్రాళ్ల నోట ఒక మాట తరచూ వినబడుతుంది: ‘జనం తినడం మానరు కదా, పిండి మిల్లు పెడితే నష్టం ఎందుకొస్తుంది?’ జనం తినడం మానరు, నిజమే. కానీ కోల్‌కతాలో పిండి మిల్లు లాభనష్టాలను తేల్చేది పిండి అమ్మకం కాదని నా అభిప్రాయం. గోధుమ ఏ ధరకు కొన్నారు, తవుడు ఏ ధరకు పోయింది, ఢిల్లీ నుంచి ఏ రోజు ఏ ఉత్తర్వు వచ్చింది – ఈ మూడింటి దగ్గరే చాలా మిల్లుల తలరాత తేలిపోతుంది. మర తిప్పడం అందులో అన్నిటికంటే తేలిక పని.

అసలు పొలానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో మిల్లు ఎందుకు? గోధుమ గింజను ఎండబెట్టి, మందు పెట్టి జాగ్రత్త చేస్తే ఏడాదైనా చెక్కుచెదరదు. పిండి అలా కాదు. మర నుంచి దిగిన మరుక్షణం నుంచి దానికి వయసు మీద పడుతుంది. అందులోనూ కోల్‌కతా వానాకాలం గాలి పిండికి పగ. ఆషాఢం, శ్రావణాల్లో గోదాములో దొంతరలు పేర్చిన ఆటా బస్తాల్లో అడుగు వరసలవి గడ్డకడతాయి, ఎర్ర పిండి పురుగు చేరుతుంది. కాబట్టి గింజను దూరం నుంచి తెచ్చి, తినేవాడి గడపలో విసరడమే మేలు. తవుడు కొనే పశువుల దాణా ఫ్యాక్టరీలూ నగరం చుట్టుపక్కలే ఉన్నాయి. ఖాళీ అయిన గోనె సంచులకూ అక్కడే గిరాకీ. ఈ గోనె సంచుల కథ ఒకటి చెప్పుకోవాలి. ప్రభుత్వం పంజాబులో గోధుమ సేకరించి నింపే సంచులు చాలావరకు హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లుల్లో నేసినవే. ఆ టిటాగఢ్, కాంకినాడా మిల్లుల్లో ఒకప్పుడు శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి వలస వెళ్లిన మనవాళ్లు వేల సంఖ్యలో పనిచేశారు. సంచి ఖాళీగా పడమరకు పోయి, కడుపు నిండా గోధుమలతో తూర్పుకు తిరిగొస్తుంది.

బెంగాల్ అసలు గోధుమ పండించదని కాదు. ముర్షీదాబాద్, నదియా, మాల్దా రైతులు శీతాకాలంలో వేసేవారు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్‌లో గోధుమ బ్లాస్ట్ తెగులు బయటపడింది. ఆసియాలో అదే మొదటిసారి. 1985లో బ్రెజిల్‌లో కనిపించిన ఈ జబ్బు మన వరి రైతులకు తెలిసిన అగ్గితెగులుకు దగ్గరి చుట్టం. 2017లో సరిహద్దుకు ఇవతల ఆ లక్షణాలు కనబడేసరికి ముర్షీదాబాద్, నదియాల్లో పైరును తగలబెట్టారు. ఆ రెండు జిల్లాల్లో కొన్నేళ్లు గోధుమ వెయ్యొద్దని ప్రభుత్వం ఆపేసింది. రైతులు మొక్కజొన్న, పప్పులు, ఆవాల వైపు మళ్లారు. అలా పక్క జిల్లా నుంచి వచ్చే ఆ కాస్త సరుకు కూడా మిల్లర్లకు పలచబడింది.

మరి అన్నం, చేపల కూర తప్ప ఎరగరనుకునే బెంగాలీలు ఇంత పిండి ఎప్పుడు తినడం మొదలుపెట్టారు? పండగనాటి లూచీ (మైదా పూరీ) పాతదే. రాత్రి భోజనంలో రొట్టె మాత్రం చాలావరకు రేషన్ షాపు పెట్టిన అలవాటు. 1943 కరువు లక్షల ప్రాణాలు తీశాక 1944లో కలకత్తాలో రేషన్ మొదలైంది. 1956లో అమెరికాతో పీఎల్ 480 ఆహార సాయం ఒప్పందం కుదిరింది, ఓడలు గోధుమలతో రేవుకు రావడం మొదలైంది. 1965లో నగరంలో చట్టబద్ధ రేషన్ పెట్టారు. మనిషికి ఇంత బియ్యం, ఇంత గోధుమ. బియ్యం చాలని ఇంట్లో రాత్రి పొయ్యి మీదికి పెనం ఎక్కింది. 1966 ఆహార ఉద్యమం రోజుల్లో అప్పటి ముఖ్యమంత్రి ప్రఫుల్ల చంద్ర సేన్ పచ్చి అరటికాయలు తినండని ఇచ్చిన సలహాను బెంగాలీలు ఇప్పటికీ ఎద్దేవాగా తలుచుకుంటారు. ఆ అమెరికా గోధుమల రుచి మనకూ తెలుసు. ఆ తరం తెలుగు పిల్లలు బడిలో ఆకు పట్టుకుని కూర్చుని తిన్న నూక ఉప్మా ఆ ఓడల్లోంచి దిగిందే.

ఇప్పుడైతే గిరాకీకి కొదవ లేదు. అష్టమినాడు అన్నం ముట్టని ఇళ్లలో లూచీలు, సందు మలుపులో ఎగ్ రోల్, పొద్దున్నే కచోరీ, రంజాన్ నెలలో జకారియా స్ట్రీట్‌లో గుట్టలు పోసే లచ్ఛా సేమియా, బాకర్‌ఖానీ – అన్నిటికీ మైదానే ముడిసరుకు. దసరా నవరాత్రుల ముందు రెండు మూడు వారాలు పోస్తా టోకు బజారులో మైదా ధర దాని ఇష్టం. ఇక బిస్కెట్లు. 1892లో కలకత్తాలో ఒక చిన్న ఇంట్లో 295 రూపాయల పెట్టుబడితో మొదలైన బిస్కెట్ల తయారీయే తర్వాత బ్రిటానియా అయింది. తారాతలాలో 1947 నుంచి నడిచిన దాని ఫ్యాక్టరీలో 2024లో ఉత్పత్తి ఆగిపోయినప్పుడు ఊరంతా ఒక పాత చుట్టం పోయినట్టు బాధపడింది. కానీ బిస్కెట్ వ్యాపారం ఊరు వదిలి పోలేదు. అన్‌మోల్, బిస్క్ ఫార్మ్ లాంటి ఇక్కడి పేర్లు తూర్పు రాష్ట్రాలంతా పరుచుకున్నాయి. గిరాకీ ఉంది కాబట్టి లాభం ఉంటుందన్న లెక్క మాత్రం మిల్లు గేటు దాటి లోపలికి వెళ్తే నిలవదు.

రోలర్ మిల్లులో ముందు గోధుమను జల్లించి, రాళ్లు, మట్టి, ఇనుప ముక్కలు తీసేస్తారు. తర్వాత నీళ్లు పట్టిస్తారు. పది పదకొండు శాతం తేమతో వచ్చిన గింజను పదిహేను, పదహారుకు తెచ్చి, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు తొట్లలో నానబెడతారు. పై పొట్టు తోలులా సాగాలి, లోపలి తెల్ల భాగం మెత్తబడాలి. అప్పుడే గాట్ల రోలర్ల మధ్య గింజ చీలినప్పుడు పొట్టు రేకులుగా ఊడుతుంది, పొడి కాదు. తర్వాత నున్నటి రోలర్లు, ఒకదాని మీద ఒకటిగా ఊగే జల్లెడ పెట్టెలు, రవ్వను గాలితో విడదీసే యంత్రాలు. మిల్లర్ పనితనమంతా ఆ నానబెట్టడంలోనే. ఒక శాతం తేమ అటు ఇటు అయితే మైదాలో పొట్టు కలిసి రంగు నల్లబడుతుంది, లేదా పొట్టుకు తెల్లటి పిండి అంటుకుపోయి తవుడు ధరకు వెళ్లిపోతుంది. ఈ పని నేర్పడానికే మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో స్విట్జర్లాండ్ సహకారంతో ప్రత్యేక మిల్లింగ్ బడి నెలకొంది. యంత్రాలకు కోట్లు ఖర్చు పెట్టి, ఆ బడి చదువు ఉన్న మనిషి జీతం దగ్గర బేరమాడే యజమానులున్నారు. వాళ్ల తవుడు తెల్లగా ఉంటుంది.

ఒక క్వింటాలు గోధుమ తీసుకుని లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, ధరలు వారానికోసారి మారతాయి. మిల్లు చేరేసరికి గోధుమ క్వింటాలు 2,800 రూపాయలు అనుకుందాం. చెత్తాచెదారం పోగా, పట్టించిన నీళ్లు కొంత కలిసిరాగా దిగేది: మైదా 52 కిలోలు, రవ్వ 10, ఆటా 12, తవుడు 24. మైదా కిలో 32, రవ్వ 34, ఆటా 31, తవుడు 24 చొప్పున అమ్మితే మొత్తం 2,952 రూపాయలు. గోధుమ ఖరీదు పోగా చేతికి 152. క్వింటాలుకు ఏడు యూనిట్ల కరెంటు, యూనిట్ ఎనిమిది రూపాయలైతే 56. సంచులు, హమాలీ, జీతాలు 45. వడ్డీ, మరమ్మతులు 25. మిగిలింది 26 రూపాయలు. ఇప్పుడు తవుడు ధర కిలోకు రెండే రూపాయలు తగ్గిందనుకోండి. 48 రూపాయలు పోయి, క్వింటాలుకు 22 రూపాయలు ఎదురు పెట్టాల్సి వస్తుంది. ఆ రోజు మైదా అమ్మకం బ్రహ్మాండంగా ఉన్నా ఫలితం మారదు.

అందుకే అనుభవమున్న మిల్లర్ పొద్దున్నే ఫోన్ చేసి ముందడిగేది తవుడు ధర. మొక్కజొన్న ధర పడినా, బిహార్ మిల్లులు తవుడును చవగ్గా దింపినా, వానలు బాగా పడి పచ్చగడ్డి దండిగా దొరికినా దాణా వ్యాపారి తవుడు ధర తగ్గించి అడుగుతాడు. తవుడు వారాల తరబడి దాచుకునే సరుకు కాదు, అడిగిన ధరకు ఇచ్చెయ్యాల్సిందే. బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టుల్లో మాత్రం తవుడుకు ఒక్క వరస కేటాయిస్తారు, ఐదేళ్లకూ ఒకే ధర వేస్తారు. ఆ రిపోర్టులు రాసేవాళ్లు ఒక్క వారమైనా మిల్లులో కూర్చుంటే బాగుండును.

ఇక గోధుమ కొనుగోలు. రోజుకు వంద టన్నులు ఆడే మిల్లు, మన లెక్క ప్రకారం, రోజుకు 28 లక్షల రూపాయల గోధుమ మింగుతుంది. ఇరవై రోజుల సరుకు దగ్గర పెట్టుకున్నా ఐదున్నర కోట్లు పైనే. కొత్త పంట ఏప్రిల్, మే నెలల్లో మండీలకు వస్తుంది. సాధారణంగా ధర తక్కువుండేది అప్పుడే. వంద రోజులకు సరిపడా అప్పుడే కొనిపెట్టుకోవాలంటే 28 కోట్లు కావాలి. యంత్రాలకు అప్పిచ్చిన బ్యాంకు ఈ మాట వినగానే కళ్లజోడు సవరించుకుంటుంది. చిన్న మిల్లు చేతిలో డబ్బున్నంత కొని, అక్టోబరు దాటాక పెరిగిన ధరకు మళ్లీ కొంటుంది. పెద్ద సంస్థకు ఆ బెడద లేదు. ఐటీసీ ప్రధాన కార్యాలయం కోల్‌కతాలోని వర్జీనియా హౌస్. అయితే దాని ఆశీర్వాద్ ఆటా బలమంతా 2000లో మధ్యప్రదేశ్ పల్లెల్లో మొదలుపెట్టిన ఈ-చౌపాల్ లాంటి కొనుగోలు ఏర్పాట్లలో ఉంది. 2002లో వచ్చిన ఆ ప్యాకెట్టు ఇవాళ దేశంలోకెల్లా పేరున్న ఆటా. సంచి మీద బొమ్మ చూసి బ్రాండును అనుకరిస్తే సరిపోదు. ఏ మండీలో ఏ రకం గోధుమ ఏ వారం వస్తుందో చెప్పగల మనుషులు కావాలి.

వీటన్నిటి మీద ప్రభుత్వం చెయ్యి ఉంది. 2022 మార్చిలో ఎండలు మండిపోయి – 1901 నుంచి రికార్డుల్లో అంత వేడి మార్చి లేదు – పాలు పోసుకుంటున్న గింజ సన్నబడింది. మే 13న కేంద్రం గోధుమ ఎగుమతిని నిషేధించింది. ఆగస్టులో పిండి, మైదా, రవ్వల ఎగుమతికీ కళ్లెం వేసింది. అదే ఏడాది ఉచిత రేషన్‌లో పశ్చిమ బెంగాల్ సహా కొన్ని రాష్ట్రాల గోధుమ కోటాకు కోత పెట్టి బియ్యం ఇచ్చింది. 2023 జనవరిలో ఎఫ్‌సీఐ గోదాముల నుంచి 30 లక్షల టన్నులను బహిరంగ మార్కెట్లో అమ్ముతామని ప్రకటించింది. ఫిబ్రవరిలో దేశమంతటా ఒకే కనీస ధర, క్వింటాలు 2,150 రూపాయలు, రవాణా ఖర్చు కలపకుండా. పొలానికి దూరంగా ఉన్న కోల్‌కతా మిల్లుకు, మన విశాఖ మిల్లుకు అది వరం. హర్యానా మిల్లర్‌కు ఒళ్లు మంట. రవాణా కలిపిన ధర పెడితే వరం, మంట తారుమారవుతాయి.

ఎఫ్‌సీఐ గోధుమ వేలాల్లో ఒక చిన్న నిబంధన చాలామంది దృష్టికి రాలేదు. 2023 జూన్‌లో మొదలైన విడతలో ఒక కొనుగోలుదారు ఒక వేలంలో గరిష్ఠంగా 100 టన్నులకే పాడుకోవచ్చన్నారు. తర్వాత దాన్ని 200 చేశారు. వారానికో వేలం. రోజుకు వంద టన్నుల మిల్లుకు ఆ మొదటి పరిమితి ఒక రోజు తిండి. ఉద్దేశం మంచిదే, పెద్దవాళ్లు మొత్తం ఊడ్చుకుపోకుండా చిన్నవాళ్లకు అందాలని. రోజుకు పది టన్నుల చిన్న మిల్లుకు అది నిజంగా మేలు చేసింది కూడా. నలిగిపోయింది మధ్యలో ఉన్నవాడు. పెద్ద సంస్థకు మండీలో సొంత మనుషులున్నారు, చిన్న మరకు వంద టన్నులు పది రోజులకు వస్తాయి. మధ్యవాడు మిగిలిన ఆరు రోజులకు సరుకెక్కడ తెచ్చుకోవాలి?

నిల్వ పరిమితులు ఇంకో కథ. 2023 జూన్ 12న, పదిహేనేళ్ల తర్వాత మొదటిసారి, గోధుమ నిల్వలపై కేంద్రం పరిమితి పెట్టింది. హోల్‌సేల్ వ్యాపారికి 3,000 టన్నులు. సెప్టెంబరులో 2,000 చేశారు, డిసెంబరులో 1,000, 2024 ఫిబ్రవరిలో 500. మార్చితో ఎత్తేశారు. జూన్‌లో మళ్లీ 3,000తో పెట్టారు. తగ్గిస్తూ తగ్గిస్తూ 2025 ఫిబ్రవరికి 250కి తెచ్చారు. 2025 మేలో మళ్లీ 3,000. మిల్లులకు వేరే లెక్క: నెలవారీ సామర్థ్యంలో ఇంత శాతం చొప్పున ఆర్థిక సంవత్సరంలో మిగిలిన నెలలకు. ప్రతి శుక్రవారం నిల్వ ఎంతుందో ప్రభుత్వ పోర్టల్‌లో చూపించాలన్నారు.

ఈ అంకెలను రైలు పక్కన పెట్టి చూడాలి. ఒక పూర్తి గూడ్సు రేక్‌లో సుమారు 2,600 టన్నుల ధాన్యం పడుతుంది. పరిమితి 2,000కు దిగిన రోజున ఒక రేక్ సరుకంతా ఒక్క వ్యాపారి గోదాములో దిగితే చాలు, అతను నేరస్థుడు. 250 టన్నులంటే పది పన్నెండు లారీలు. గంగా మైదానంలో కూర్చున్న మిల్లర్ లారీల మీద తెప్పించుకుంటాడు. వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న కోల్‌కతా మిల్లర్‌కు చవకైన దారి రైలే. రేక్ మొత్తం పంచుకోవడానికి ఐదారుగురు వ్యాపారులు, మిల్లర్లు ముందే కూడబలుక్కుని, ఎవరి వాటా ఎవరు ఏ గంటకు ఎత్తుకుపోవాలో తేల్చుకోవాలి. ఒకడు ఆలస్యం చేస్తే గూడ్సు షెడ్డులో రుసుము. దాచి ధర పెంచే వాళ్లను పట్టుకోవాలనే లక్ష్యంతో నాకు పేచీ లేదు. కానీ పొలానికి ఆనుకుని ఉన్న వ్యాపారికీ, పండని రాష్ట్రానికి రైలు మీద తెచ్చే వ్యాపారికీ ఒకే అంకె గీయడం అన్యాయం. పండని రాష్ట్రాల్లో కనీసం ఒక రేక్ సరుకైనా పరిమితిలో ఇమిడేలా చూడాలి. ఇది బెంగాల్ సమస్య మాత్రమే కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కేరళ మిల్లులూ ఇదే పడవలో ఉన్నాయి. ఈ రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరైనా లేచి ‘రేక్ ఎంత, పరిమితి ఎంత’ అని అడిగితే చెవి పెట్టి వింటాను.

ఎగుమతి ఆశతో మిల్లు పెట్టేవారు 2022ను మరిచిపోకూడదు. 2021-22లో దేశం 70 లక్షల టన్నులకు పైగా గోధుమ ఎగుమతి చేసింది, అందులో సగానికి పైగా బంగ్లాదేశ్‌కే. బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్ దారిలో లారీల వరస చూసి, సరిహద్దు పక్కనే ఉన్నాం కదా, పిండి చేసి పంపుదామని లెక్కలు కట్టుకున్నవాళ్లు ఆగస్టుకల్లా ఆగిపోయారు.

మరో పెద్ద ఖాతాదారు రాష్ట్ర ప్రభుత్వమే. పశ్చిమ బెంగాల్ రేషన్‌లో గోధుమకు బదులు ఆటా ప్యాకెట్లు ఇస్తారు. ఎఫ్‌సీఐ గోధుమను మిల్లుకిస్తారు, మిల్లు విసిరి, ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి, ప్యాకెట్లు కట్టి తిరిగిస్తుంది. కూలి ఖాయం, గోధుమ కొనుగోలు తలనొప్పి లేదు. వినడానికి నల్లేరు మీద బండి నడక. కానీ 2023 అక్టోబరులో ఈడీ అరెస్టులు ఈ ఏర్పాటును రచ్చకెక్కించాయి. మొదట ఒక మిల్లు యజమాని, తర్వాత 2021 దాకా ఆహార మంత్రిగా ఉన్న జ్యోతిప్రియ మల్లిక్. రేషన్ ఆటాలో కొంత తూకం తగ్గించి బయటి మార్కెట్టుకు మళ్లించారని ఆరోపణ. అది కోర్టులో తేలాల్సిన విషయం. మల్లిక్‌కు 2025 జనవరిలో బెయిల్ వచ్చింది. దోషులెవరైనా, ఏర్పాటులోనే ఉన్న లొసుగు అందరికీ కనబడుతోంది. గింజ గింజలా ఉన్నంతసేపు కార్డుదారు చేతిలో పట్టుకుని మంచి చెడ్డ చెప్పగలరు. పిండి అయ్యాక అందులో పొట్టు ఎంత, పాత సరుకెంత, తూకమెంత అని చెప్పాలంటే ప్రయోగశాల కావాలి. అందుకని పిండి ఇవ్వడం మానేసి గోధుమే ఇవ్వాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. నగరంలో అద్దె గదిలో ఉండే కూలీ ఐదు కిలోల గోధుమలు ఎండబెట్టుకుని మరకు మోసుకుపోలేడు. ప్రతి ప్యాకెట్టు మీద మిల్లు పేరు, ఆడిన తేదీ ఉండాలి. రేషన్ షాపులోంచే యాదృచ్ఛికంగా నమూనాలు తీసి, బూడిద, గ్లూటెన్, తూకం ఫలితాలను మిల్లు పేరుతో సహా బయటపెట్టాలి. ఆ పని జరిగేదాకా కొత్తగా పెట్టేవాడు ఈ ఒక్క ఖాతాను నమ్ముకుని మిల్లు కట్టకూడదు. బిల్లు ఆలస్యమైతే వడ్డీ అతనిదే, దర్యాప్తు వస్తే చిరునామా కూడా అతనిదే.

ఇక మిగిలింది ఇంటి ఆటా, బేకరీ మైదా. ఇంటి ఆటాలో ప్యాకెట్టు బ్రాండ్లతో తలపడటం కష్టం. ఐటీసీ సంగతి సరే, 1936 నాటి స్థానిక పేరు గణేశ్ కూడా ఇక్కడే ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా లేబుల్ ప్యాకెట్లకు ఐదు శాతం జీఎస్టీ వచ్చింది. విడి పిండికి అది లేదు. ఆ తేడాయే సందు చివరి చక్కీకి ఊపిరి. ఉత్తర కోల్‌కతా సందుల్లో, ఎక్కువగా బిహార్ నుంచి వచ్చినవాళ్లు నడిపే చక్కీల్లో ఇప్పటికీ గోధుమ ఎదురుగా పోసి పిండి పడతారు. పక్కనే శనగలు వేయించి సత్తు కూడా విసురుతారు. రాళ్ల మధ్య నలిగిన పిండిలో పిండిపదార్థం కొంత చిట్లుతుంది. అందువల్ల నీళ్లు ఎక్కువ పడుతుంది, రొట్టె మెత్తగా ఉంటుంది. రాయి వేడెక్కితే మాత్రం పిండి మాడు వాసన వేస్తుంది. రాళ్లకు వేళకు గాట్లు పెట్టించే చక్కీవాడు, పెట్టించనివాడు ఎవరో ఆ వీధి ఆడవాళ్లకు బాగా తెలుసు. తక్కువ పెట్టుబడితో దిగాలనుకునేవాడికి నేను చూపించే దారి ఇదే: రెండు మూడు చక్కీలు, ఒక మంచి శుభ్రం చేసే యంత్రం, ఆ రోజు ఆడిన తేదీ వేసిన సంచి, మూడు నాలుగు వందల ఇళ్లు. కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో యూనిట్ ఖర్చుకు 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల దాకా రాయితీ పెట్టారు. ఈ పరిమాణానికి అది సరిగ్గా అతుకుతుంది.

బేకరీ దారి ఇంకొంచెం పదునైనది. రోల్ దుకాణంవాడు, బిస్కెట్ ఫ్యాక్టరీవాడు ఒకే మైదా అడగరు. పరోటా సాగాలి, బిస్కెట్ విరగాలి. పోస్తాలో పాత తరం కొనుగోలుదారు గుప్పెడు మైదాను నీళ్లతో ముద్ద చేసి, కాసేపు ఆగి, కుళాయి కింద పట్టుకుని నలుపుతాడు. పాలలాంటి నీళ్లు కారిపోయి, చేతిలో బూడిద రంగు జిగురు ముద్ద మిగులుతుంది. దాన్ని రెండు వేళ్లతో లాగి చూస్తాడు. ఎంత సాగి తెగిందో చూసి ధర చెబుతాడు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం మైదాలో గ్లూటెన్ కనీసం ఏడున్నర శాతం ఉండాలి, బూడిద ఒక శాతం దాటకూడదు. అది చట్టం గీసిన అడుగు గీత, అంతే. బిస్కెట్ ఫ్యాక్టరీ బలహీనమైన, సాగని గ్లూటెన్ అడుగుతుంది. బ్రెడ్డువాడు బలమైనది అడుగుతాడు. ఒకప్పుడు బలం లేని మైదాను పొటాషియం బ్రోమేటుతో లేవదీసేవారు. 2016లో దాన్ని నిషేధించారు కాబట్టి ఇప్పుడు గోధుమ దగ్గరే చూసుకోవాలి. మధ్యప్రదేశ్ సరుకు ఇంత, యూపీ సరుకు ఇంత అని కలిపి, ప్రతి లోడూ ఒకేలా ఇవ్వగల చిన్న మిల్లుకు కిలోకు అర్ధ రూపాయి ఎక్కువ ఇచ్చే బేకరీలు ఉంటాయి. పైన వేసిన లెక్కలో కిలోకు అర్ధ రూపాయి అంటే, 52 కిలోల మైదా మీద, క్వింటాలుకు మిగిలే లాభం రెట్టింపవుతుంది.

నిప్పు మాట కూడా ఒకటి. గాలిలో తేలే పిండి పేలుతుంది. 1878లో మినియాపోలిస్‌లో వాష్‌బర్న్ మిల్లు పేలి పద్దెనిమిది మంది పోయాకే అమెరికాలో దుమ్ము పీల్చే యంత్రాల మీద మిల్లర్లకు శ్రద్ధ పుట్టింది. పెట్టుబడి చాలనప్పుడు మనవాళ్లు ముందు కోసేది ఆ యంత్రం ఖర్చునే.

యంత్రం అమ్మేవాళ్లు రోజుకు ఎన్ని టన్నులు ఆడుతుందో చెబుతారు, బ్యాంకు ఎన్నేళ్లలో అప్పు తీరుతుందో అడుగుతుంది. వాటికన్నా ముందు కాగితం మీద పెట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి. తవుడు కొనే ఇద్దరు వ్యాపారుల పేర్లు, వాళ్లు గత ఏడాది నెలనెలా ఇచ్చిన ధరలు. ఏప్రిల్‌లో గోధుమ కొనడానికి యంత్రం అప్పుతో సంబంధం లేని డబ్బు ఎంతుందన్న లెక్క. సాంక్రాయిల్ ఫుడ్ పార్కులోనో డంకుణిలోనో స్థలం తీసుకుంటే గూడ్సు షెడ్డు నుంచి లారీ కిరాయి ఎంత, వానాకాలం ఆ దారిలో నీళ్లు నిలుస్తాయా అన్నది. ఈ కాగితం ఖాళీగా ఉన్నవాళ్లు రోలర్లకు అడ్వాన్సు కట్టకుండా, ఒక ఏడాది ఎవరి మిల్లుకైనా గోధుమ కొనిపెట్టే ఏజెంటుగా పనిచేస్తే పోయేదేమీ లేదు. పైగా కమీషన్ వస్తుంది.